గండిపేట గేట్లు ఎందుకు ఎత్తుతారు? విశ్వేశ్వరయ్య వేసిన లెక్క ఏమిటి?

కోకాపేట టవర్ల పై అంతస్తుల నుంచి చూస్తే గండిపేట చెరువు కనిపిస్తుంది. వానాకాలంలో దాని గేట్లు ఎత్తితే నార్సింగి, మంచిరేవుల దగ్గర రాకపోకలు ఆగుతాయి. మూసీ ఒడ్డు కాలనీలకు హెచ్చరికలు వెళ్తాయి. ఇది మంచినీళ్ల చెరువు అనే చాలామందికి తెలుసు. కానీ కట్టాలన్న ఆలోచన పుట్టింది వరదను ఆపడానికి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఆయన పుట్టింది మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో. ఇంటిపేరు మాత్రం మన ప్రకాశం ప్రాంతంలోని ఊరిదే. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో వరద నీటికి వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించి పేరు తెచ్చుకున్నారు. బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలి విదేశాల్లో తిరుగుతుండగా ఈ పిలుపు అందింది.

1909లో వచ్చి ఆయన మొదట చూసింది నగరాన్ని కాదు, ఎగువన ఉన్న చెరువులను. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేలింది. ఒకటి తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడి దాన్నీ తెంచింది. అంటే నగరం మీదికి వచ్చింది వాన నీరొక్కటే కాదు. అందుకే నగరంలో గోడలు కట్టి సరిపెట్టకుండా ఎగువనే మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను పట్టి, మెల్లగా వదలాలని నివేదిక ఇచ్చారు.

ఆ ఏడాదే ఆయన మైసూరు వెళ్లిపోయారు. కట్టింది వేరే ఇంజినీర్లు, వేలాది కూలీలు. ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీరు పంపులు లేకుండా, వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేలా కాలువ కట్టారు. తర్వాత నగర డ్రైనేజీ పనికి విశ్వేశ్వరయ్య మళ్లీ వచ్చారు. ఆ మధ్యలో మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్లు దాటి బతికి, 1962 ఏప్రిల్ 14న కన్నుమూశారు.

చిక్కు ఇక్కడే ఉంది. తాగునీటికి చెరువు నిండుగా ఉండాలి, వరదకు ఖాళీ ఉండాలి. నిండిన చెరువు కొత్త వరదను పట్టలేదు. పైగా ఎగువ నేల కాంక్రీటైతే అదే వానకు నీరు త్వరగా, ఎక్కువగా వస్తుంది. ఆ భయంతోనే 1996లో జీవో 111 తెచ్చి, జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. 2022లో జీవో 69తో వాటిని షరతుల మీద ఎత్తేశారు. ఆ షరతులు ఎంత గట్టిగా అమలవుతాయన్నదే అసలు ప్రశ్న.

ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1,763.5 అడుగులు. వానాకాలంలో జలమండలి ఇచ్చే లెక్కల్లో మట్టం వీటికి దగ్గరైందంటే, గేట్లు ఎత్తే సమయం వచ్చినట్టే.