గాడ్జిల్లాకు ప్రాణం పోసిన ఎయిజి త్సుబురాయ

ఈ సెలవుల్లో మీ ఇంటి టీవీలో ఒక్క నగరమైనా కూలిపోయే ఉంటుంది. ఉల్క పడో, సముద్రం పొంగో, గాడ్జిల్లా తొక్కో. పిల్లలు కళ్లార్పకుండా చూస్తుంటే, అందులో ఏముందని మీరు రిమోట్ కోసం వెతికే ఉంటారు. ఈ వినోదానికి దారి వేసిన వాళ్లలో ఒకరైన ఎయిజి త్సుబురాయ గురించి ఈ నెల చదవండి.

ఆయన 1901లో జపాన్‌లోని సుకగావాలో పుట్టారు. మూడేళ్లకే తల్లి పోయింది. చిన్నతనమంతా విమానాల పిచ్చి. పైలట్ కావాలని ఫ్లయింగ్ స్కూల్లో చేరితే, దాన్ని నడిపే ఆయన ప్రమాదంలో చనిపోయి స్కూలే మూతపడింది. చివరికి సినిమా కెమెరా పట్టారు. 1933లో వచ్చిన 'కింగ్ కాంగ్' ఆయనను పట్టేసింది. ప్రింటు సంపాదించి ఒక్కో ఫ్రేమూ పరిశీలించారు.

యుద్ధకాలంలో ఆ నేర్పు ప్రచారానికి పనికొచ్చింది. పెర్ల్ హార్బర్ దాడిని 1942లో చిన్న చిన్న నమూనాలతో తీశారు. ఓటమి తర్వాత అదే కారణంగా స్టూడియో వదలాల్సి వచ్చింది. కొన్నేళ్లకు తిరిగొచ్చారు.

1954 మార్చిలో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాన్ చేపల పడవ ఒకదాని మీద పడింది. నవంబరులో 'గాడ్జిల్లా' విడుదలైంది. దర్శకుడు ఇషిరో హోండా, ఎఫెక్ట్స్ త్సుబురాయవి. తొమ్మిదేళ్ల క్రితం బాంబులకు నిజంగా కాలిపోయిన టోక్యోలో జనం టికెట్టు కొని, అదే నగరం తెర మీద కాలడం చూశారు. నిజం మంటల్లో పరుగెత్తడమే తప్ప చూసే వ్యవధి ఎక్కడిది? హాల్లో ఆ భయాన్ని ఎదురుగా కూర్చుని చూడొచ్చు, లైట్లు వెలగగానే ఇంటికెళ్లొచ్చు. మీ పిల్లలకు నచ్చేదీ అదేనేమో.

అంతా చేత్తో చేసిన పనే. 100 కిలోల దాకా బరువున్న రబ్బరు సూటులో ఒక మనిషి, అసలు కట్టడాల్లో 25వ వంతు ఉండే బొమ్మ టోక్యో. చిన్న గోడ చప్పున పడిపోతుంది కాబట్టి, కెమెరాను వేగంగా తిప్పి తీసి మామూలు వేగంతో చూపించారు. అప్పుడే బరువు కనిపిస్తుంది. 25 రెట్లు చిన్న నమూనాకు కాలాన్ని 5 రెట్లు సాగదీయాలి. ఎందుకో మీ పదో తరగతి అబ్బాయిని, అమ్మాయిని అడగండి, వర్గమూలం గుర్తొస్తుంది.

పిల్లలు చూస్తారని తెరపై రక్తం చూపడానికి ఆయన ఇష్టపడేవారు కాదు. 1966లో టీవీకి 'అల్ట్రామాన్' ఇచ్చి, 1970 జనవరిలో కన్నుమూశారు. చిన్న తరగతుల వాళ్లకు ముందు అల్ట్రామానే చూపించండి. 1954 గాడ్జిల్లాలో గాయపడిన వాళ్లతో నిండిన ఆసుపత్రి దృశ్యాలున్నాయి, అవి మీరు పక్కన కూర్చుని చూడాల్సినవి.