చర్మశాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మగారు

నాటి తెనాలి తాలూకాకు చెందిన యలవర్రు గ్రామమున, వ్యవసాయ కుటుంబములో 1922వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన నాయుడమ్మగారు జన్మించిరి. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఆ గ్రామము రేపల్లె డివిజనున చేరినది. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పారిశ్రామిక రసాయనశాస్త్రమభ్యసించి, మదరాసులోని చర్మవిద్యాసంస్థలో చేరిరి. పిమ్మట ఇంగ్లండులోను, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయములోను ఉన్నతవిద్య నార్జించిరి.

తోలుపనివానిని ఊరి వెలుపల నుంచిన కాలమది. చెప్పులు తొడుగుకొన్నవానికి అంటని మైల కుట్టినవానికి మాత్రమంటుట మన సంఘమున చెల్లిన వింత. అట్టి దినములలో పొలము దున్ను ఇంటి బిడ్డ ఆ వృత్తినే శాస్త్రముగా చేపట్టుట సామాన్య విషయము గాదు.

తోలు గట్టిదనమునకు వేడిమియే గీటురాయి. తోలుపేలికను నీటిలో వ్రేలాడదీసి మెల్లగా కాచినచో ఒకానొక వేడిమివద్ద అది హఠాత్తుగా ముడుచుకొనును. పచ్చితోలు 60, 65 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతముననే ముడుచుకొనును. తంగేడుచెక్క, కరక్కాయలతో పదును చేసినది అంతకు మించిన వేడికి తాళును. క్రోము లవణములతో చక్కగా పదునైనది మరుగునీటిలో సైతము ముడుచుకొనదు. కారణమేమన, చర్మములోని కొల్లాజెన్ అను మాంసకృత్తు మూడుపేటల త్రాడువంటిది. ఈ నిర్మాణమును 1954లో మదరాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాగారలు ప్రతిపాదించిరి. వేడికి పేటల నడిమి కట్లు తెగిపోవును; పదును చేయు ద్రవ్యము క్రొత్త కట్లు వేయును. నేడు కెలోరిమీటరను యంత్రము కొన్ని మిల్లీగ్రాముల తునకతోనే ఈ మార్పును కొలిచి చూపుచున్నది.

1958 మొదలు 1971 వరకు నాయుడమ్మగారు మదరాసు కేంద్ర చర్మపరిశోధనాలయమునకు అధ్యక్షులుగా నుండిరి. ప్రయోగశాలలో తేలిన సంగతి తోళ్లశాలలోని కూలివానికి అందనిచో అది సగము పనియేయని వారు తలంచిరి. 1971లో పద్మశ్రీ లభించినది. ఆ యేడే శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టరు జనరలై 1977 వరకు పనిచేసిరి. ఆ కాలముననే కరీంనగరు జిల్లా పల్లెలకు శాస్త్రమును చేర్చు యత్నము జరిగినది. 1981–82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

1985వ సంవత్సరము జూన్ 23వ తేదీన ఐర్లండు తీరమున, బాంబు ప్రేలి కూలిన కనిష్క విమానములో మరణించిన 329 మందిలో వారొకరు. తెనాలిలో వారి పేర స్మారక ట్రస్టు వెలసి, శాస్త్రవేత్తలను బహుమతులతో సత్కరించినది.