బోనస్ వెనుక ఒక పేరు

పటాన్‌చెరు, సంగారెడ్డి ఫ్యాక్టరీలలో పనిచేసే మన సంఘ విశ్వాసులు ఏటా బోనస్ కోసం ఎదురుచూస్తారు. అది యజమాని దయ కాదు, కార్మికుని హక్కు. దానిని హక్కుగా చేసిన చట్టం 1965లో వచ్చింది. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి దామోదరం సంజీవయ్య.

ఆయన 1921లో కర్నూలు జిల్లా పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. రెండేళ్ల పాలనలోనే వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టారు, 1961లో అవినీతి నిరోధక శాఖను ఏర్పాటు చేశారు. 1972లో కన్నుమూశారు.

కూలివాని జీతం సూర్యుడు అస్తమించకముందే చెల్లించాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. కూలి ఆగితే ఆ పేదవాని మొర దేవుని యెదుటకు చేరుతుంది. ప్రియులారా, బోనస్ అందుకొనేవారే కాదు, కాంట్రాక్టర్లూ సూపర్‌వైజర్లూ మన ఆరాధనలో కూర్చుంటున్నారు. వారి చేతికింద పనిచేసేవారికి న్యాయమైన కూలి సకాలంలో అందుతోందా? ఆదివారం కానుక వేయకముందు, శనివారం కూలి లెక్క సరిచూసుకుందాం.