రాతిధూళి గుట్టు తెలిపిన హాల్డేన్

ఒడిశాలోని తెలుగువారికి హాల్డేన్ అను పేరు క్రొత్తది కాదు. భారత పౌరసత్వము స్వీకరించి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసి, తన దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఒసగిన శాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్. ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ చరిత్రమును మేమిచట చెప్పదలచితిమి. క్వారీలు, సొరంగములు, బోరుబావులు గల మన కొరాపుట్టు, రాయగడ జిల్లాల బిడ్డలు ఎరుగవలసిన చరిత్రమిది.

ఆయన 1860లో స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. 1884లో అచటనే వైద్యపట్టము బడసి, పిదప ఆక్స్‌ఫర్డులో శరీరధర్మశాస్త్రము బోధించెను. ప్రయోగశాలతో తృప్తి చెందక గనులలోనికి దిగి అచటి గాలిని పరీక్షించెను. విషవాయువులను తానే పీల్చి, తన శరీరమున కలుగు మార్పులను వ్రాసికొనెను. బొగ్గుగనుల ప్రేలుళ్ళలో పెక్కుమంది ప్రేలుడు దెబ్బవలన గాక కార్బన్ మోనాక్సైడు వలన మృతినొందుచున్నారని 1896లో తేల్చెను. ఆ వాయువును ముందుగా పసికట్టుటకు చిన్న పక్షులను, ఎలుకలను గనులలోనికి కొనిపోవుట ఆయన సలహాయే.

ఆ కాలమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు గనులలో యంత్రములతో రాతిని తొలుచు కార్మికులు నడివయసుననే రొమ్ము జబ్బుతో రాలిపోవుచుండిరి. హాల్డేన్ సహచరులతో కలిసి విచారించి 1904లో నివేదిక వెలువరించెను. యంత్రము ఎంత వేగముగా తొలుచునో అంత ధూళిని రేపును. కంటికి కానరాని సన్నని రాతిపొడి ఊపిరితిత్తులలో చేరి వానిని గట్టిపరచును. క్షయకు దారి తీయును. అట్లు చెడిన ఊపిరితిత్తులను బాగుచేయు మందు నేటికిని లేదు. కావున తొలుచు చోటనే నీటిని చిమ్మి ధూళిని పుట్టగనే అణచవలెనని ఆ నివేదిక సూచించెను. బొగ్గుధూళి వలన అంత హాని లేదని ఆయన తలచినది మాత్రము తరువాతి పరిశోధనలకు నిలువలేదు.

వృద్ధాప్యమునను ఆయన విశ్రమింపలేదు. పారసీక దేశపు చమురు కర్మాగారములలో వడదెబ్బను పరిశీలించి మరలివచ్చి, 1936 మార్చిలో దివంగతుడయ్యెను.

మన పిల్లల తండ్రులు కొందరు సాయంకాలము తలనిండ తెల్లని ధూళితో ఇల్లు చేరుట మేము చూచుచున్నాము. తల్లిదండ్రులారా, ముఖమునకు తువాలు చుట్టుకొనినంత మాత్రమున చాలదు. సన్నని పొడి బట్టను దాటిపోవును. నీరు పోయుచు తొలువనిండని, లేదా ధూళిని పీల్చు యంత్రము నమర్పుడని మేస్త్రీని అడుగుడు. తగిన మాస్కు ధరింపుడు. పనిబట్టలను ఇంట దులుపకుడు. దగ్గు, ఆయాసము విడువనిచో వైద్యునితో మీ పని యేదియో తప్పక చెప్పుడు. బాలబాలికలారా, చదువురాని పెద్దలకు దీనిని మీరే చదివి వినిపింపుడు.