విల్లిస్ క్యారియర్

విల్లిస్ హావిలాండ్ క్యారియర్ (నవంబరు 26, 1876 - అక్టోబరు 7, 1950) అమెరికాకు చెందిన ప్రసిద్ధ ఇంజనీరు. గాలిలోని వేడిని, తేమను కూడా అదుపు చేసే ఆధునిక ఎయిర్ కండిషనింగ్ పద్ధతికి ఈయనను ఆద్యునిగా పరిగణిస్తారు. ఒక గదిని లేదా భవనాన్ని చల్లబరచుటకు ఎంత శక్తి గల యంత్రం కావాలో ఊహతో గాక కొలతలతో నిర్ణయించవచ్చునని ఈయన కృషి వలన స్థిరపడింది. నేడు ఇళ్లకు శీతలీకరణ భారం లెక్కించే పద్ధతులకు ఈయన 1911లో ప్రకటించిన సూత్రాలు ముఖ్యమైన పునాది.

బాల్యము, విద్య

క్యారియర్ న్యూయార్కు రాష్ట్రంలో ఈరీ సరస్సు సమీపాన గల అంగోలా అనే గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి డువేన్ క్యారియర్, తల్లి ఎలిజబెత్ హావిలాండ్. చిన్నతనంలో ఈయనకు భిన్నాలు బోధపడలేదు. తల్లి ఆపిల్ పండ్లను సగాలుగా, పావులుగా, ఇంకా చిన్న ముక్కలుగా కోయించి, ఆ ముక్కలతోనే కూడికలు, తీసివేతలు చేయించింది. లెక్క అనేది కంటికి కనిపించే వస్తువు నుండే పుడుతుందన్న సంగతి ఆనాడే ఈయన మనసున నాటుకొన్నది. 11 సంవత్సరాల వయసులోనే తల్లి మరణించింది.

1893 నాటి ఆర్థిక మాంద్యం వలన కుటుంబం ఇబ్బందులకు లోనై పైచదువు ఆలస్యమైంది. ఆ రోజులలో ఈయన కొంతకాలం పాఠశాలలో ఉపాధ్యాయునిగా పనిచేశాడు. 1897లో ఉపకారవేతనంతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, చిన్న చిన్న పనులు చేసుకొంటూ చదివి 1901లో ఇంజనీరింగు పట్టా పొందాడు.

తొలి ఉద్యోగం - వేడి లెక్కలు

1901లో బఫెలో నగరంలోని బఫెలో ఫోర్జ్ కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతంపై ఉద్యోగంలో చేరాడు. ఈ కంపెనీ ఫ్యాన్లు, బ్లోయర్లు, ఆవిరితో గాలిని వేడిచేసే పరికరాలు తయారుచేసేది. కలపను, కాఫీ గింజలను ఆరబెట్టే ఏర్పాట్లకు నమూనాలు గీయుట ఈయన మొదటి పని.

ఆ పని చేస్తుండగా ఒక లోపం ఈయన దృష్టికి వచ్చింది. ఆవిరి గొట్టాల మీదుగా గాలి పోయినప్పుడు ఎంత వేడిని గ్రహిస్తుందో తెలిపే నమ్మకమైన పట్టికలు లేవు. అందుచేత ఇంజనీర్లు లోపం రాకుండా ఉండుటకు అవసరానికి మించిన పరిమాణంలో పరికరాలు బిగించేవారు. క్యారియర్ స్వయంగా ప్రయోగాలు చేసి, గాలి వేగము, ఆవిరి పీడనము, గొట్టాల వైశాల్యము మారిన కొలదీ ఫలితం ఎట్లు మారునో పట్టికలుగా తయారుచేశాడు. ఈ పట్టికల వలన కంపెనీకి ఒక్క శీతకాలంలోనే 40,000 డాలర్లు ఆదా అయ్యాయి. యాజమాన్యం ఈయన ఆధ్వర్యంలో ఒక పరిశోధనా విభాగాన్ని ఏర్పాటు చేసింది.

బ్రూక్లిన్ ముద్రణాలయం

1902లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతంలో గల శాకెట్-విల్హెల్మ్స్ ముద్రణాలయం ఒక చిక్కును ఎదుర్కొన్నది. రంగుల బొమ్మలను ఒక్కొక్క రంగుగా, కాగితాన్ని పలుమార్లు యంత్రంలోకి పంపి అచ్చువేసేవారు. తేమ ఎక్కువైన రోజున కాగితం సాగేది, తక్కువైన రోజున కుంచించుకుపోయేది. దానితో ఒక రంగుపై మరొక రంగు సరిగా కూర్చునేది కాదు. కంపెనీ న్యూయార్కు కార్యాలయంలోని ఇర్విన్ లైల్ ఈ సమస్యను క్యారియర్ వద్దకు చేర్చాడు.

వాతావరణ శాఖ పట్టికల సహాయంతో ఈయన లెక్కవేసి, సంవత్సరమంతా గదిలో 55 శాతం సాపేక్ష ఆర్ద్రత నిలుచునట్లు చల్లని గొట్టాల ఏర్పాటును రూపొందించాడు. దాని శక్తి రోజుకు 1,08,000 పౌండ్ల మంచుగడ్డ కరుగుటకు సమానం. ఈ నమూనా పటాలపై జూలై 17, 1902 అనే తేదీ ఉన్నది. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ ఆ రోజున పుట్టినదని చెప్పుకొనుట వాడుక. ఇది మనుషుల సుఖం కొరకు గాక కాగితం కొరకు పుట్టిందన్నది గమనించదగినది.

పొగమంచులో తట్టిన ఆలోచన

1902 చివరలో ఒక రాత్రి పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారంపై క్యారియర్ రైలు కొరకు నిరీక్షిస్తుండగా చుట్టూ దట్టమైన పొగమంచు కమ్ముకొన్నది. చల్లని గాలి పూర్తిగా తేమతో నిండి ఉన్నప్పటికీ అందులోని నీటి పరిమాణం స్వల్పమేనని, అట్టి గాలిని కావలసిన ఉష్ణోగ్రత వద్ద నీటి తుంపరతో సంతృప్తపరచి ఆ తరువాత కొద్దిగా వేడిచేస్తే దాని ఆర్ద్రతను నిర్ణయించిన స్థాయిలో నిలుపవచ్చునని ఈయనకు స్ఫురించింది. నీటిని చల్లి గాలిని ఆరబెట్టుట పైకి విడ్డూరంగా తోచును. కాని తుంపర నీరు గాలి యొక్క తుషార స్థానం కంటే చల్లగా ఉంటే గాలిలోని ఆవిరి ఆ నీటి బిందువులపైనే ద్రవీభవించి తొలగిపోవును. ఈ పరికరానికి జనవరి 2, 1906న పేటెంటు లభించింది.

అదే సంవత్సరం స్టువర్ట్ క్రేమర్ అనే నూలుమిల్లు ఇంజనీరు ఎయిర్ కండిషనింగ్ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. మిల్లులలో గాలి పొడిబారితే నూలు తెగిపోయేది. క్యారియర్ పరికరాలు అమెరికా నూలుమిల్లులలోను, 1907లో జపాన్ లోని ఒక పట్టుమిల్లులోను అమర్చబడ్డాయి.

1911 నాటి సిద్ధాంత పత్రం

డిసెంబరు 1911లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం సమావేశంలో క్యారియర్ తేమగాలికి సంబంధించిన సూత్రాలను సమర్పించాడు. పొడి బల్బు, తడి బల్బు ఉష్ణమాపకాలు చూపే రెండు అంకెలు తెలిస్తే గాలిలోని నీటి ఆవిరి, దాని తుషార స్థానం, మొత్తం ఉష్ణం కూడా కనుగొనవచ్చునని ఈ పత్రం నిరూపించింది. దీనితోపాటు ఇచ్చిన రేఖాపటం మార్పులతో నేటికీ ఇంజనీరింగు విద్యార్థుల పాఠ్యాంశంగా ఉన్నది.

సొంత సంస్థ

1914లో ప్రపంచయుద్ధం ఆరంభమైన పిదప బఫెలో ఫోర్జ్ తయారీ పనికే పరిమితం కావాలని నిర్ణయించింది. అప్పుడు క్యారియర్, లైల్, మరి ఐదుగురు ఇంజనీర్లు కలిసి తమ పొదుపు సొమ్ము 32,600 డాలర్లతో 1915లో క్యారియర్ ఇంజనీరింగ్ కార్పొరేషన్ స్థాపించారు. 1922లో ఈయన అపకేంద్ర శీతలీకరణ యంత్రాన్ని ప్రదర్శించాడు. పాత యంత్రాలకంటే చిన్నది, సురక్షితమైనది కావడంతో దీనిని జనసమ్మర్దం గల చోట్ల నిలుపుటకు వీలైంది. 1924లో డెట్రాయిట్ లోని హడ్సన్ దుకాణంలో, 1925లో న్యూయార్కులోని రివోలి సినిమాహాలులో వీటిని అమర్చారు. రివోలి ప్రారంభం నాడు ప్రేక్షకులు విసనకర్రలతో వచ్చారు. యంత్రం ఆలస్యంగా పనిచేయడం మొదలుపెట్టినందున కొంతసేపు విసురుకొంటూనే ఉన్నారు. క్రమంగా హాలు చల్లబడి విసనకర్రలు ఒక్కొక్కటిగా ఒడిలోకి దిగినవి. అమెరికా ప్రతినిధుల సభకు 1928లో, సెనేటుకు 1929లో ఈ సౌకర్యం కలిగింది.

1930లో ఈ సంస్థ మరి రెండు సంస్థలతో విలీనమై క్యారియర్ కార్పొరేషన్ అయింది. ఆర్థిక మాంద్యంలో చిక్కులు ఎదుర్కొని 1937లో సిరక్యూస్ నగరానికి తరలింది.

ఇంటి శీతలీకరణ భారం - కోనసీమ ఉదాహరణ

క్యారియర్ చూపిన మార్గంలో ఒక గది భారాన్ని లెక్కించుట సులభంగా గ్రహించవచ్చు. కోనసీమ (అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతం) గోదావరి పాయల నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్నందున తేమ ఎక్కువ. అచ్చటి ఒక డాబా ఇంటిలో 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిని ఉదాహరణగా తీసుకొందాం. బయట 38 డిగ్రీలు, 50 శాతం ఆర్ద్రత. లోపల కావలసినది 25 డిగ్రీలు, 55 శాతం ఆర్ద్రత. తేడా 13 డిగ్రీలు. రెండు గోడలు మాత్రమే ఎండవైపు బయటికి ఉన్నవనుకొందాం.

* గోడలు: రెండింటి వైశాల్యం 21 చదరపు మీటర్లు. కిటికీ 1.8 తీసివేయగా 19.2. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు ఉష్ణ ప్రసార గుణకం సుమారు 2. మూడింటి లబ్ధం 499 వాట్లు.
* కిటికీ అద్దం: గుణకం 5.7 చొప్పున 133 వాట్లు. తెర గల కిటికీ గుండా వచ్చే ఎండకు మరి 250 వాట్లు.
* కప్పు: వైశాల్యం 12 చదరపు మీటర్లు, గుణకం సుమారు 3.5. ఎండకు పైభాగం కాలుతుంది గనుక తేడాను 25 డిగ్రీలుగా తీసుకొంటే 1,050 వాట్లు.
* ఇద్దరు మనుషులు: 230 వాట్లు. దీపము, ఫ్యాను: 100 వాట్లు.
* సందుల గుండా గంటకు 18 ఘనపు మీటర్ల గాలి చొరబడితే దాని వేడికి 78 వాట్లు, దానిలోని తేమను తొలగించుటకు సుమారు 150 వాట్లు.

మొత్తం సుమారు 2,490 వాట్లు. ఒక టన్ను శీతలీకరణ అనగా 2,000 పౌండ్ల మంచుగడ్డ 24 గంటలలో కరుగుతూ గ్రహించే ఉష్ణం. అది గంటకు 12,000 బి.టి.యు., అనగా 3,517 వాట్లు. కాబట్టి ఈ గది భారం సుమారు 0.7 టన్ను మాత్రమే.

ఈ లెక్క నుండి రెండు సంగతులు తెలియును. మొదటిది, బయటిగాలి వలన కలిగే భారంలో వేడికంటే తేమ వాటా దాదాపు రెట్టింపు. అదే అనంతపురం వంటి పొడి ప్రాంతంలో 40 డిగ్రీలు, 20 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు బయటిగాలిలోని ఆవిరి గదిలో కావలసినదాని కంటే తక్కువ గనుక ఆ తేమ భారం ఉండదు. నీటి తడికలతో పనిచేసే కూలర్లు అక్కడ ఉపకరించి, కోనసీమలో ఉక్కను పెంచుటకు కారణం ఇదే. రెండవది, మొత్తం భారంలో ఐదింట రెండు వంతులు కప్పుదే. కప్పుపై కొబ్బరాకు పందిరి వేసి ఎండను ఆపి, తేడాను 13 డిగ్రీలకు తగ్గించగలిగితే 500 వాట్ల భారం, అనగా మొత్తంలో ఐదవ వంతు తగ్గును.

అవసరానికి మించిన టన్నుల యంత్రం మేలు చేయదు. ఒకే వేగంతో నడిచే పెద్ద యంత్రం గదిని త్వరగా చల్లబరచి ఆగిపోవును. తేమను పిండుటకు దానికి తగిన సమయం చిక్కదు. గది చల్లగా ఉన్నా ఒళ్లు జిగటగానే ఉండును, కొనుగోలు ఖర్చు కూడా వృథా.

వ్యక్తిగత జీవితము

క్యారియర్ 1902లో ఎడిత్ క్లెయిర్ సీమోర్‌ను వివాహమాడాడు. ఆమె 1912లో మరణించింది. 1913లో వివాహమాడిన జెన్నీ మార్టిన్ 1939లో మరణించింది. 1941లో ఎలిజబెత్ వైజ్‌ను వివాహం చేసుకొన్నాడు. ఇద్దరు కుమారులను దత్తత తీసుకొని పెంచాడు.

గౌరవాలు, మరణము

అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1934లో ఈయనకు తన పతకాన్ని ప్రదానం చేసింది. 1950 అక్టోబరు 7న న్యూయార్కులో మరణించాడు. భౌతికకాయాన్ని బఫెలోలోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఇళ్లలో ఈ యంత్రాలు విస్తారంగా వాడుకలోకి వచ్చినది ఈయన మరణానంతరమే. 1985లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఈయన పేరు చేర్చబడింది.

అనంతర పరిణామాలు

శీతలీకరణ యంత్రాలలో తరువాతి కాలంలో విస్తారంగా వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు ఓజోన్ పొరకు హాని చేయుచున్నవని తేలగా 1987లో మాంట్రియల్ ఒప్పందం ద్వారా వాటిని క్రమంగా తొలగించుటకు దేశాలు అంగీకరించాయి. వాటికి బదులుగా వచ్చిన కొన్ని వాయువులు భూతాపాన్ని పెంచుచున్నందున 2016లో కిగాలీ సవరణ జరిగింది. ఎండలు ముదిరి యంత్రాల వాడకం పెరుగుతున్న ఈ కాలంలో, ముందు గదిని కొలిచి, నీడను కల్పించి, మిగిలిన భారానికి తగిన యంత్రాన్నే ఎంచుకొనుట విద్యుత్తును ఆదా చేసే మార్గం. అవసరానికి మించిన పరికరాలు వృథా అని 1901లో ఆవిరి గొట్టాల పట్టికలతో క్యారియర్ నిరూపించిన విషయం కూడా అదే.