డూప్లే భవితను శాసించిన సముద్ర దూరం

పుదుచ్చేరి: పారిస్ నుంచి చెన్నైకి నేడు జెట్ విమానం సుమారు పది గంటల్లో చేరుకుంటుంది. ఆకాశమార్గాన ఈ దూరం దాదాపు 8 వేల కిలోమీటర్లు. అక్కడి నుంచి పుదుచ్చేరికి రోడ్డు మార్గాన మరో 150 కిలోమీటర్లు. 18వ శతాబ్దంలో ఈ ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పట్టేది. నాటి పాండిచ్చేరి గవర్నరు జోసెఫ్ ఫ్రాంస్వా డూప్లే ఉత్థాన పతనాలు రెండింటిలోనూ ఈ వ్యవధి పాత్ర తక్కువేమీ కాదు.

ఫ్రాన్సులోని లాండ్రెసీలో 1697లో జన్మించిన డూప్లే, 1722లో పాండిచ్చేరి ఉన్నత మండలి సభ్యునిగా వచ్చారు. 1731 నుంచి చందర్‌నగర్ వ్యవహారాలు నిర్వహించి, 1742లో పాండిచ్చేరి గవర్నరు పదవి చేపట్టారు.

సూయజ్ కాలువ 1869లో గాని ప్రారంభం కాలేదు. అంతకుముందు నౌకలు లోరియాం రేవు నుంచి ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి, 20 వేల కిలోమీటర్లకు పైబడి ప్రయాణించవలసి వచ్చేది. పాండిచ్చేరిలో ఓడరేవు లేనందున అవి సముద్రంలోనే లంగరు వేసేవి. మనుషులనూ సరుకులనూ మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. పారిస్‌కు లేఖ పంపి జవాబు అందుకునేసరికి ఏడాదికి పైగా గడిచిపోయేది.

అనుమతి కోసం వేచి ఉండే వీలు లేని ఈ స్థితి డూప్లేకు మొదట కలిసివచ్చింది. హైదరాబాద్, ఆర్కాటు వారసత్వ తగాదాలలో ఆయన స్వయంగా జోక్యం చేసుకున్నారు. కంపెనీ డైరెక్టర్లకు ఆ సంగతి తెలిసేసరికి యుద్ధాలు ముగియడమో, కొత్తవి మొదలవడమో జరిగేది. దూరం ఆయనకు ఎదురు తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. 1748 అక్టోబరులో పాండిచ్చేరిపై ఆంగ్లేయుల ముట్టడిని ఆయన విఫలం చేశారు. అదే నెలలో యూరప్‌లో కుదిరిన ఎక్స్-లా-షాపెల్ సంధి, 1746లో ఫ్రెంచివారు గెలుచుకున్న మద్రాసును తిరిగి ఆంగ్లేయులకు ఇచ్చివేసింది. 1749లో దానిని అప్పగించక తప్పలేదు.

లాభాలు కోరే కంపెనీకి యుద్ధ వ్యయం భారమైంది. 1752 జూన్‌లో శ్రీరంగం వద్ద ఫ్రెంచి సేన లొంగిపోయిన వార్త పారిస్ చేరడంతో డైరెక్టర్ల విశ్వాసం సడలింది. 1753 చివర గొడెహ్యూ అనే డైరెక్టరు, డూప్లే స్థానంలో బాధ్యతలు స్వీకరించేందుకు ఓడ ఎక్కారు. సరిగ్గా ఆ రోజుల్లోనే డూప్లే ప్రతినిధి బుస్సీ, నిజాం సలాబత్ జంగ్ నుంచి ముస్తఫానగరం (కొండపల్లి), ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోల్ (శ్రీకాకుళం) సర్కార్లను సంపాదించారు. తెలుగు తీరంలో అత్యధిక భాగం ఫ్రెంచివారి చేతికి వచ్చిన ఈ వార్త, డూప్లే తొలగింపు నిర్ణయం నాటికి పారిస్‌కు అందే అవకాశమే లేదు. అంది ఉంటే నిర్ణయం మారేదని మాత్రం చెప్పలేము. ఖజానా లెక్కలు అప్పటికే ప్రతికూలంగా ఉన్నాయి.

గొడెహ్యూ 1754 ఆగస్టులో పాండిచ్చేరిలో దిగారు. డూప్లే అక్టోబరులో భార్య జాన్‌తో కలిసి బయలుదేరి, 1755 జూన్‌లో ఫ్రాన్సు చేరారు. మరుసటి ఏడాది ఆమె మరణించారు. యుద్ధాలకు వెచ్చించిన సొంత ధనాన్ని తిరిగి ఇప్పించాలని డూప్లే కంపెనీపై సాగించిన వ్యాజ్యం తేలలేదు. ఈలోగా 1761 జనవరిలో పాండిచ్చేరి ఆంగ్లేయుల వశమైంది. 1763 నవంబరు 10న డూప్లే పారిస్‌లో, ఆర్థిక ఇబ్బందుల మధ్య కన్నుమూశారు. ఆయన విగ్రహం పుదుచ్చేరి సముద్ర తీరాన ఉంది.