పూటకూళ్ళమ్మ కొడుకు

డబ్బు తీసుకుని పదిమందికి అన్నం పెట్టే ఆడదంటే ఆ రోజుల్లో లోకానికి ఎంత చులకనో! గురజాడవారి 'కన్యాశుల్కం' చదివినవాళ్ళకి పూటకూళ్ళమ్మని జనం ఎలా చూసేవారో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి పనికి వెనుకాడకుండా పూనుకుని పిల్లల్ని పెంచిన తల్లి సుబ్బమ్మ. ఆమె కొడుకే టంగుటూరి ప్రకాశం పంతులు.

1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో ఆయన పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య పోయేనాటికి ప్రకాశానికి 11 ఏళ్ళు. భర్త పోయిన ఇల్లాలు ఏ అయినవాళ్ళ పంచనో తలదాచుకోవడమే అప్పటి రివాజు. సుబ్బమ్మ మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు పెట్టింది.

పొద్దస్తమానం పొయ్యి దగ్గర మగ్గినా ఆ రాబడి ఇంటిల్లిపాదికీ చాలేది కాదు. దాంతో ప్రకాశం వారాలు చేసుకున్నాడు. అంటే రోజుకొకరి ఇంట్లో భోజనమన్నమాట. ఊళ్ళోవాళ్ళకి తను వండి వడ్డిస్తూ, కన్నకొడుకుని మరొకరి విస్తరి దగ్గరకి పంపిన ఆ తల్లి కడుపు ఎంత తరుక్కుపోయి ఉంటుందో! మన పిల్లాడు ఒక్కపూట పక్కింట్లో తిన్నాడంటేనే మనకి మనసొప్పదు కదా.

పోనీ, కొడుకు బుద్ధిమంతుడా అంటే అదీ లేదు. నాటకాల పిచ్చి, ఆకతాయి తిరుగుళ్ళు. అయినా ఆ తల్లి ఆశ వదులుకోలేదు. పరీక్ష ఫీజు 3 రూపాయలకి ఎక్కడా దారి దొరకనప్పుడు, ఇంట్లో ఉన్న పట్టుబట్ట తాకట్టుపెట్టి కట్టింది. ఆ తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మేష్టారు పెద్దమనసుతో రాజమండ్రి తీసుకెళ్ళి చదువు కొనసాగించారు. తల్లి నిలబెట్టిన పిల్లాణ్ణి గురువు నడిపించాడు.

ప్రకాశం ప్లీడరయ్యారు, రాజమండ్రి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. 1904లో బారిస్టరు చదువుకి ఇంగ్లండు వెళ్తూ, మాంసం, మద్యం ముట్టనని తల్లికి మాటిచ్చారు. తిరిగొచ్చి మద్రాసులో లక్షలు గడించారు. 1921లో ఆ ప్రాక్టీసు వదిలేసి, సంపాదనంతా దేశం కోసం ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకి రొమ్ము చూపించి ఆంధ్రకేసరి అనిపించుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూసేనాటికి తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. 1972లో ఒంగోలు జిల్లాకి ఆయన పేరే పెట్టారు.

ఇన్ని పదవులు చూసిన మనిషి, తల్లి నడిపిన పూటకూళ్ళ ఇంటి సంగతి ఎక్కడా దాచుకోలేదు. తన ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో అంతా విప్పి చెప్పుకున్నారు. ఆ తల్లికి దక్కిన అసలు ఫలం అదేననిపిస్తుంది నాకు.

ఇవాళ కూడా మెస్సు నడిపీ, పచ్చళ్ళు పట్టి అమ్మీ, మిషను కుట్టీ పిల్లల్ని చదివిస్తున్న తల్లులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పిల్లలు చిన్నబుచ్చుకుంటారని మన కష్టాన్ని వాళ్ళకి కనపడకుండా దాచేస్తుంటాం. దాచకండి. చూడనివ్వండి, ఓ చెయ్యి వెయ్యనివ్వండి. మీ అమ్మ ఏం చేస్తుందని బడిలో ఎవరైనా అడిగితే, తలెత్తుకుని చెప్పగలిగే బిడ్డ ఎక్కడికెళ్ళినా అమ్మకి దూరం కాడు.